ఆకురాయి తినేసిన పన్నెండు మాటలు

తాళాలాయన కొట్లో ఎవరి తాళంచెవికీ నకలు ఉండదు. ఆ వీధిలో ఎవరినడిగినా చెబుతారు ఆ మాట. రెండో చెవి కావాలని వచ్చినవాళ్ళకి వాళ్ళ చెవీ, కొత్త చెవీ చేతిలో పెడతాడు. ఆ తర్వాత, కొలత కుదరక పక్కన పెట్టిన చెవి ఏదైనా ఉంటే దాన్ని వాళ్ళ కళ్ళముందే బల్లకున్న ఇనప వైసులో బిగించి, ఆకురాయితో పళ్ళన్నీ అరగదీసి డబ్బాలో పడేస్తాడు. ముప్పై ఏళ్ళుగా అదే పద్ధతి.

"అంత కష్టపడి కోసింది పాడు చేస్తావేంటయ్యా?" అని ఎవరైనా అడిగితే, "మీ ఇల్లు మీ దగ్గరుండాలి గానీ నా దగ్గరుంటే మీకూ నిద్ర పట్టదు, నాకూ పట్టదు" అనేవాడు.

ఆ ఒక్క మాటమీదే అతని కొట్టు నడిచింది.

పక్క కొట్టు తమ్ముడిది. జిరాక్స్ షాపు. రెండు కొట్లకీ మధ్య చెక్క గోడ. ఇటునుంచి ఆకురాయి గరగర, అటునుంచి మిషను గుర్రు. అన్నయ్య మాట తూచి మాట్లాడే మనిషి. తమ్ముడి నోరు ఒక్క నిమిషం ఊరుకునేది కాదు. ఎక్కడ చదివాడో ఏమో, కంప్యూటర్లో పుట్టే క్రిప్టో డబ్బు పిచ్చి పట్టింది వాడికి. షాపు అద్దం మీద "ఇక్కడ కాయిన్లు తీసుకోబడును" అని అతికించాడు. ఆ రోజునుంచి వీధంతా వాణ్ణి "కాయిన్ బాబు" అని పిలవడం మొదలుపెట్టింది.

"అన్నయ్యా, చూస్తూ ఉండు. ఇంకో ఐదేళ్ళకి నోట్లు పాత తపాలా బిళ్ళల్లా ఆల్బంలో అతికించుకోవాలి."

"అతికించుకుందువు గానీ, ముందు ఆవిడకి చిల్లరివ్వు. నిలబడి కాళ్ళు పీకుతున్నాయి పాపం."

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నిజంగానే కాయిన్లతో కడతానని ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది. నాలుగు కాపీలు. ఫోన్ చూపించింది, నొక్కింది. తమ్ముడు తెరకేసి చూస్తూ నిలబడ్డాడు. డబ్బు చేరడం ఇంకా ఖాయం కాలేదంటుంది అది. పంపే ఖర్చు చూస్తే కాపీల ధరకి మూడింతలు. ఈలోగా వెనకాల ఐదుగురు వచ్చారు, ఫోన్‌తో స్కాన్ చేసి డబ్బులు కట్టారు, కాపీలు తీసుకుని వెళ్ళిపోయారు. చివరికి ఆ పిల్ల పర్సు బోర్లించి చిల్లర బల్లమీద పోసింది.

చెక్క గోడ ఇవతలనుంచి అన్నయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఒరేయ్, నత్త వస్తోందని బస్సు ఆపావు కదరా!"

తమ్ముడికి పౌరుషం వచ్చింది. అయితే వాడి మాటలోనూ పస లేకపోలేదు. సముద్రాల అవతల ఒక పెద్దాయన ఉండేవాడు. పాత పుస్తకాలు సేకరిస్తాడు. ఇక్కడ లైబ్రరీలో చెదలు తింటున్న పుస్తకాల్ని తమ్ముడు పేజీ పేజీ స్కాన్ చేసి పంపేవాడు. ఆయన బ్యాంకు ద్వారా డబ్బు పంపితే వారం పట్టేది, దారిలో ఇద్దరు ముగ్గురు మేసేసి మిగిలిందే చేతికొచ్చేది. కాయిన్లలో పంపితే గంట తిరక్కుండా వచ్చిపడేది.

"ఇప్పుడేమంటావ్? నీ బ్యాంకు గొప్పదా, నాది గొప్పదా?"

"సముద్రం దాటడానికి నీది గొప్పదేలే. వీధి దాటడానికి కాదు."

"మధ్యలో ఎవడూ ఉండడన్నయ్యా, అదీ అసలు సంగతి. మేనేజరు లేడు, సంతకం లేదు. పన్నెండు మాటలుంటాయి, అంతే. అవి ఎవరి దగ్గరుంటే డబ్బు వాళ్ళది."

"ఆ మాటలు పోతే?"

"పోతే పోయినట్టే."

"ఇంటి తాళం పోతే నన్ను పిలుస్తారు. దీనికి ఎవణ్ణి పిలుస్తార్రా?"

"ఎవడూ ఉండడు. అదేగా దాని గొప్ప!"

తాళాలాయనకి అది గొప్పలా అనిపించలేదు. కానీ తమ్ముడితో వాదించి గెలిచినవాడు లేడు.

ఒక మధ్యాహ్నం తమ్ముడు కాగితం ముక్క పట్టుకుని వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కాగితం తడుస్తుంది, చిరుగుతుంది. ఆ పన్నెండు మాటల్నీ ఇత్తడి రేకు మీద కొట్టివ్వమన్నాడు. తాళాలాయన దగ్గర ఇంగ్లీషు అక్షరాల అచ్చులుండేవి, తాళాల మీద పేర్లు కొట్టడానికి. అక్షరాలు గుర్తుపడతాడు గానీ మాట కట్టి చదవలేడు. తమ్ముడు ఒక్కో అక్షరం చెబుతుంటే, అచ్చు నిలబెట్టి సుత్తితో ఒక్క దెబ్బ. మాట పూర్తయినప్పుడల్లా తమ్ముడు దాని అర్థం చెప్పి, దానిమీద ఒక జోకు వేశాడు. పని రెండు గంటలు పట్టింది. రెండు రేకులు కొట్టించాడు. ఒకటి తన సంచిలో వేసుకున్నాడు, రెండోది అన్నయ్య చేతిలో పెట్టాడు.

"ఇది నీ దగ్గరుంచు. నాకేదైనా అయితే మీ మరదలికివ్వు." అక్కడే అగ్గిపుల్ల గీసి కాగితం కాల్చేశాడు.

తాళాలాయన సరే అన్నాడు. రేకుని సొరుగులో అడుగున పెట్టాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు సొరుగు తెరిచినప్పుడల్లా చేయి తగిలి, ఎవరి ఇంట్లోనో దొంగతనంగా నిలబడ్డట్టు అనిపించింది. తమ్ముడే కావచ్చు, అయినా ఇంకొకరి తాళమేగా. మూడో రోజు పొద్దున్నే రేకు తీసి వైసులో బిగించాడు. ఆకురాయి పట్టాడు. పది నిమిషాల్లో రేకు నున్నగా అయిపోయింది. ఇత్తడి పొడిని బల్లమీదనుంచి ఊదేశాక ప్రాణం తేలికపడింది. ఆదివారం తమ్ముడికి చెబుదాంలే అనుకున్నాడు.

ఆదివారాలు చాలా వచ్చాయి. చెప్పలేదు.

ఏడాది తిరిగేసరికి తమ్ముడు పోయాడు. నలభై ఒక్క ఏళ్ళు. బస్టాపులో నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. ఎవరో ఆసుపత్రికి చేర్చారు. మనిషి చేరాడు గానీ, భుజానున్న సంచి చేరలేదు. అందులోనే ఫోనూ, ఇత్తడి రేకూ ఉన్నాయి.

మరదలు షాపు మూయలేదు. పదో రోజున వచ్చి తెరిచింది. మొగుడి బీరువా తాళం దొరక్కపోతే తాళాలాయన రెండు నిమిషాల్లో తీసిపెట్టాడు, అందులో కొంత రొక్కం ఉంది. బ్యాంకు చుట్టూ నాలుగుసార్లు తిరిగింది. ఆ కాగితం తెమ్మన్నారు, ఈ కాగితం తెమ్మన్నారు, విసుక్కున్నారు. కానీ చివరికి బల్ల అవతలున్న ఆయన "ఇక్కడ సంతకం పెట్టండమ్మా" అన్నాడు, డబ్బు ఇచ్చాడు.

మిగిలింది కాయిన్లు. షాపు కంప్యూటర్లో ఆ లెక్క ఎప్పుడూ తెరిచే ఉండేది. ఎవరైనా చూడొచ్చు, ఎవరూ ముట్టుకోలేరు. కొత్త మిషను కొనడానికి సరిపోయేంత ఉంది. పాత మిషను రోజుకి పదిసార్లు కాగితం నమిలి ఆగిపోతోంది. కొత్తది రాకపోతే షాపు నిలబడదని ఇద్దరికీ తెలుసు.

"బావగారూ, ఆ మాటల గురించి ఆయన మీకేమైనా చెప్పారా?"

"లేదమ్మాయ్."

"ఎక్కడైనా రాసిపెట్టారేమో, ఇంకోసారి గుర్తుచేసుకోండి."

"ఉంటే నీకు చెప్పనా?"

తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో అలా అయిపోయాడు తాళాలాయన. పని ఉన్నా లేకపోయినా పక్క కొట్లోకి తొంగిచూసేవాడు. ఆ తెరమీద అంకె పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉండేది. కాస్త పెరిగేది, కాస్త తగ్గేది. మార్కెట్టు ధర అలా ఊగుతుందని తమ్ముడు ఎప్పుడో చెప్పాడు. తెలిసినా సరే, నిద్రపోతున్న మనిషి గుండె లేచి పడుతున్నట్టే కనబడేది. వాడక్కడ ఊపిరి తీస్తున్నాడు, తలుపు తీయమని ఎదురు చూస్తున్నాడు. ఊళ్ళో తాళాలన్నీ తీసే అన్నయ్య చెక్క గోడ ఇవతల చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఆకురాయి పట్టుకుంటే చాలు, ఇత్తడి వాసన ముక్కుకి కొట్టేది. ఇనుము రాస్తున్నా అదే వాసన.

నాలుగో నెలలో ఒక సాయంత్రం మరదలు కంగారుగా పిలిచింది. "బావగారూ, ఇటు రండి! ఆయనకి డబ్బొచ్చింది!"

నిజమే. అంకె పక్కన కొత్త వరస. సముద్రాల అవతలి పెద్దాయన ఇంకో పుస్తకానికి ముందుగా డబ్బు పంపాడు. తమ్ముడు పోయిన సంగతి ఆయనకి తెలియదు.

"పోయినవాడికి కూడా పంపొచ్చా?" అన్నాడు తాళాలాయన.

"పంపడానికి ఎవరైనా పంపొచ్చట. తీసుకోవడానికే ఎవరూ లేరు." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "చేయని పనికి డబ్బు ఎలా ఉంచుకుంటాం బావగారూ? తిరిగి ఇద్దామన్నా చేతిలో లేదు. ఆ పుస్తకం నేనే స్కాన్ చేసి పంపేస్తాను, ఈ మిషను ఎన్ని రోజులు తింటే అన్ని రోజులు. ఆయన పేరుమీద బాకీ ఉండకూడదు."

తాళాలాయన అక్కడున్న కాగితాల కట్టమీద కూలబడ్డాడు. ఇక ఆగలేదు. రెండు రేకుల సంగతి, మూడో రోజు పొద్దున సంగతి, చెప్పని ఆదివారాల సంగతి అంతా చెప్పేశాడు.

మరదలు మిషను మీద చేయి వేసి నిలబడింది.

"అందుకేనా," అంది చివరికి, "సంచి బస్టాపులో కింద పెట్టి మరీ కబుర్లు చెప్పేవారు. పోతే పోయిందిలే, అన్నయ్య దగ్గర ఇంకోటుందని ధీమా." ఆగి మళ్ళీ అంది. "ఒక్కటి. ఊరందరివీ అరగదీశారు సరే. తమ్ముడిది ఒక్కటి ఉంచలేకపోయారా?"

ఆవిడ రెండు వారాలు అతనితో మాట్లాడలేదు. చెక్క గోడ అవతల స్కాన్ మిషను వెలుగు అటూ ఇటూ పోతూ ఉండేది, అంతే.

పుస్తకం పంపేసిన మర్నాడు ఆవిడే వచ్చి స్టూలు మీద కూర్చుంది. అదే స్టూలు. "మీ చేతులతోనే కొట్టారుగా. మనసుకి గుర్తులేకపోయినా చేతికి గుర్తుండదా?"

అలా మొదలైంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక గంటసేపు. తాళాలాయన కొత్త రేకు బల్లమీద పెట్టి, కళ్ళు మూసుకుని, అచ్చుల పెట్టెలో వేళ్ళు పెట్టేవాడు. చెయ్యి ఎక్కడికి వెళ్తే ఆ అచ్చు. ఒక దెబ్బ. ఇంకో దెబ్బ. అక్షరాలు పేరిస్తే ఆవిడ చదివేది. చాలాసార్లు అర్థంలేని పోగు వచ్చేది. నాలుగో రోజున మాత్రం ఆవిడ ఒక్కసారిగా, "నది! బావగారూ, ఇది నది!" అంది.

"ఆఁ, నదే. ‘మనిద్దరికీ ఈత రాదుగా, ఇది మాత్రం మర్చిపోం’ అన్నాడు."

ఆవిడ నవ్వింది. మొగుడు పోయాక అదే మొదటిసారి. ఒక నోటుబుక్కు తెచ్చి మాట రాసుకుంది, దాని పక్కన వాడన్నది కూడా రాసుకుంది.

తర్వాత ఉల్లిపాయ వచ్చింది. ఆ తర్వాత నిచ్చెన. ఇంకో రోజు బాబాయ్. "‘చూశావా అన్నయ్యా, మన బాబాయి ఇక్కడికి కూడా అప్పుకొచ్చాడు’ అన్నాడు" అంటే మరదలు కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తాళాలాయనకి కూడా గుండెల మీదనుంచి ఏదో దిగుతున్నట్టుండేది. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా వాడు పక్కనే ఉన్నట్టుండేది, తల తిప్పితే కనబడేంత దగ్గరలో. తల మాత్రం తిప్పేవాడు కాదు.

తొమ్మిది మాటలు వచ్చాయి. అక్కడ ఆగిపోయింది. ఒక నెల, రెండు నెలలు. పాత మిషను ఒకరోజు పూర్తిగా చచ్చింది. షాపు ఖాళీ చేశారు. మరదలు మందుల షాపులో బిల్లులు కొట్టే పనికి కుదిరింది. షాపు కంప్యూటరు తాళాలాయన కొట్లోకి వచ్చింది, అంకెతో సహా. అయినా ఆవిడ రోజూ మధ్యాహ్నం విరామంలో వచ్చి స్టూలు మీద కూర్చునేది.

"ఏమైనా తట్టిందా బావగారూ?"

"ఊహూఁ."

నోటుబుక్కు తెరిచి, మూసి, వెళ్ళిపోయేది. వెళ్ళేటప్పుడు ఆవిడ వీపు చూడలేకపోయేవాడు. రోజురోజుకీ కాస్త త్వరగా లేచి వెళ్తోంది. ఇక రావడం మానేస్తుందేమో అనిపించింది. అప్పుడు ఆ అంకెతో తనొక్కడే ఉండాలి.

ఒక మధ్యాహ్నం అతని చెయ్యి అచ్చుల పెట్టెలో ఎంతసేపు వెతికినా ఏమీ దొరకలేదు. కళ్ళు తెరిచాడు. ఎదురుగా మరమేకులు పోసుకున్న పాత అట్టపెట్టె ఉంది. దానిమీద పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు. వాటినే చూస్తూ వరసగా ఎనిమిది దెబ్బలు కొట్టాడు.

మరదలు రేకు మీదకి వంగింది. "గొడుగు!" అంది. ముఖం వెలిగిపోయింది. "పదోది! దీనికేమన్నారు?"

తాళాలాయన నోరు తెరిచాడు. మాట దానంతటదే వచ్చేసింది. "‘గొడుగొకటే, మనం ఇద్దరం. వానొస్తే పెద్దవాడివి నువ్వే తడువు’ అన్నాడు."

ఆ మాట తన గొంతుతో రాలేదు. తమ్ముడి యాసలో, తమ్ముడు సాగదీసే చోటే సాగుతూ వచ్చింది. ఇది వాడన్నదా, తను అల్లినదా? మరి నది? నిచ్చెన? బాబాయి? వెనక్కి వెళ్ళి చూసుకుంటే ఏది చేతి గుర్తో, ఏది ఆశో తేడా తెలియలేదు.

"అచ్చం ఆయన మాటే" అంది మరదలు. నోటుబుక్కులో రాసుకుంటూ నవ్వుతోంది. "రేపు పదకొండోది వస్తుంది చూడండి."

"వస్తుందమ్మాయ్."

ఆవిడ తేలిగ్గా అడుగులేసుకుంటూ వెళ్ళింది. తాళాలాయన సుత్తి కింద పెట్టలేదు. అరల్లో వరసగా ఉన్న పెట్టెలకేసీ, డబ్బాలకేసీ, వాటిమీద తనకి చదవడం రాని అక్షరాలకేసీ ఒక్కొక్కటిగా చూస్తూ కూర్చున్నాడు.