ఆయుధపూజ మర్నాడు స్విచ్ గది కాపలా

ఉడుమలైపేటలో బస్సు దిగినప్పుడు ఇంకా తెల్లవారుతూ ఉండింది. కనుమ వైపు నుంచి గాలి. దక్షిణాన కొండల మీద మబ్బు దిగి ఉంది. నా సామాను ఒకే సంచి. లాఠీ, టార్చి, నీళ్ళ సీసా, పెరుగన్నం డబ్బా. హోటల్లో తినే అలవాటు నాకు లేదు.

హోంగార్డులో చాలా ఏండ్లు పనిచేసినా. తేరు తిరునాళ్ళలో, ఎలక్షన్లలో నిలబడినా. రిటైరైనాక చేసింది ఈ ఒక్క డ్యూటీ. కొబ్బరి నూనె మిల్లు. పూజ సెలవులకు వాచ్‌మన్ ఊరికి పోతే, అతను వచ్చేదాకా నన్ను పెట్టినారు. నా కూతురి కూతురు కౌసల్య అక్కడే కంప్యూటర్ల నెట్‌వర్క్ చూసుకుంటుంది. పని ఇంకా ఖాయం కాలేదు. ఆ దినం ఏం జరిగిందని ఇంట్లోవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. నాది చిన్న చదువు. చూసినంత రాస్తా.

నా స్థానం ఆఫీసు వెనక చిన్న గది. గోడకు ఇనప పెట్టె, అందులో స్విచ్. దీపం వేసే స్విచ్ కాదు. వరసగా నోళ్ళు ఉండే పెట్టె. మిల్లులో ఒక్కో కంప్యూటరు నుంచి ఒక్కో వైరు వచ్చి ఒక నోట్లో దూరుతుంది. ఒకరి మాట ఇంకొకరికి చేర్చేది ఈ పెట్టె. నోటి పక్కన పచ్చ దీపం. వైరు బాగుంటే వెలుగుతుంది. మాట నడుస్తుంటే మిణుకుమంటుంది. ముందు దినం పూజలో దానికీ చందనం, కుంకుమ పెట్టినారు. మిల్లు మేస్త్రీ వైర్లన్నీ పీకి, తుడిచి, కొసలకు బొట్టు పెట్టి, మళ్ళీ దూర్చినాడట. ఏ వైరు ఏ నోట్లో పెట్టినా పరవాలేదని కౌసల్య ముందే చెప్పి ఉంది.

విజయదశమి పొద్దున కర్పూరం వెలిగించి మిల్లు తెరిచినారు. ఎండు కొబ్బరి లారీలు తూకం కాటా నుంచి గేటు బయట దాకా నిలబడినాయి. వాకీటాకీ మోగింది.

"ఆఫీస్, తూకం నుంచి. బరువు ఎక్కుతాంది, బిల్లు రావడం లేదు."

"కొంచెం ఆగన్నా," అన్నది కౌసల్య.

"నేను ఆగుతా అమ్మణీ. వానను ఎవరు ఆపేది? పైకి చూడు."

బిల్లు లేకుంటే లోడు దిగదు. తడిసిన కొబ్బరికి బూజు పడుతుంది. మొదలాళి తెల్ల చొక్కాతో గది వాకిటికి వచ్చినాడు. మిల్లు ఆయనది.

"మధ్యాహ్నానికి రాకుంటే కోయంబత్తూరు కంపెనీవాళ్ళను పిలుస్తా. అప్పురం నీకు ఇక్కడ పని ఉండదు పాపా."

"సరింగ అయ్యా."

ఆయన పోయినాక కౌసల్య నాకు ఆర్డర్ ఇచ్చింది. "ఎవరినీ లోపలికి వదలొద్దు అవ్వా. నేను కింద నుంచి పైకి చూసుకుంటూ పోవాలి. మధ్యలో ఎవరు ముట్టినా మొదటికి వస్తుంది."

వాకిట్లో నిలబడినా. కౌసల్య చూసిన వరస ఇది. కరెంటు ఉందా? ఉంది. వైర్లు బిగువుగా ఉన్నాయా? ఉన్నాయి. దీపాలు? అన్నీ ఒకటిగా, ఊపిరి తీసుకోకుండా కొట్టుకుంటున్నాయి. తర్వాత అడ్రస్సులు. ఇంటికి డోర్ నంబరు మాదిరి ఒక్కో కంప్యూటరుకూ ఒక నంబరు. ఇద్దరికి ఒకటే ఉండకూడదు. లేదు. తర్వాత పింగ్. అంటే ఒక నంబరును పిలిచి, పలుకుతుందా అని చూడడం. పలకలేదు. స్విచ్ ఆపి మళ్ళీ వేసింది. రెండు పలుకులు వచ్చినాయి, మళ్ళీ పోయినాయి.

"లోపల సంత మాదిరి ఉంది అవ్వా. ఎవరి మాటా ఎవరికీ చేరడం లేదు."

"అరిచేది ఎవరు?"

"అదే తెలియాలి."

వైర్లన్నీ పీకడం మొదలుపెట్టింది. అప్పుడు మేస్త్రీ వచ్చినాడు. నా ఈడు మనిషి, మిల్లులో ముసలైనవాడు.

"అమ్మణీ! పూజ చేసినవి కింద వేస్తావే!"

లాఠీ అడ్డం పెట్టినా.

"నేనేమి దొంగనా అక్కా?"

"దొంగకైనా మేస్త్రీకైనా ఇదే ఆర్డర్. ఆడనే నిలబడు."

నిలబడినాడు. కౌసల్య ఒక్కో వైరే దూర్చి, పిలిచి చూసింది. ఆఫీసు పలికింది. గోడౌను పలికింది. తూకం పలికింది. దీపాలు నిదానంగా మిణుకుతున్నాయి. చివరికి ఒక వైరు మిగిలింది. చేత్తో తడుముకుంటూ పోయింది. రెండు కొసలూ కౌసల్య చేతిలోకే వచ్చినాయి.

గేటుకు కొత్త కెమెరా వస్తే పెట్టడానికని ఉంచిన వైరు. ఒక కొస స్విచ్‌లో, ఒకటి వేలాడుతూ ఉండేదట. పూజ అయినాక రెండూ ఒకే స్విచ్‌లోకి పోయినాయి. కొన్ని మాటలు అందరికీ పోతాయి, ఈ నంబరు ఎవరిది అని అడిగే మాటలు. స్విచ్ వాటిని అన్ని నోళ్ళలోకీ వదులుతుంది. ఒక నోట్లో పోయింది ఇంకో నోట్లో నుంచి తిరిగి వస్తే కొత్త మాట అనుకొని మళ్ళీ అందరికీ వదులుతుంది. తనంతట తాను ఆగదు. లూప్ అంటారు.

మేస్త్రీ గొంతు తగ్గించినాడు. "వేలాడతా ఉండె అమ్మణీ. బొట్టు పెట్టిన కొస నేలకు ఆనితే నలుగురి కాళ్ళు తగలవా? ఒక నోరు ఖాళీగా ఉండె. పెట్టేసినా."

మొదలాళి మళ్ళీ వచ్చినాడు. "ఏమైంది? ఎవరు చేసినారు?"

మేస్త్రీ చేతులు కట్టుకున్నాడు. నేను కౌసల్యను చూసినా.

"స్పేర్ వైరు అయ్యా. కొసకు చీటీ కట్టలేదు, చుట్టి పైన పెట్టలేదు. ఆ పని నాది. ఎట్లా పెట్టినా పరవాలేదని చెప్పింది కూడా నేనే."

ఆయన ఏదో అనబోయినాడు. వాకీటాకీ మోగింది. "అయ్యా, బిల్లు వస్తాంది. టార్పాలిన్ విప్పమంటారా?"

"విప్పు." తర్వాత కౌసల్య వైపు చూడకుండా అన్నాడు. "రేపు తొందరగా రా. అన్నిటికీ చీటీలు కట్టు."

నేనైతే మేస్త్రీ పేరు చెప్పి ఉంటా. రిపోర్టు అంటే రిపోర్టు. కౌసల్యను మాత్రం ఏమీ అడగలేదు. చివరి లారీ షెడ్డు కిందికి వచ్చినాక వాన పడింది.

వాచ్‌మన్ తిరిగి వచ్చినాక సంచి తీసుకొని నేనూ ఇంటికి వచ్చేసినా. కౌసల్య ఇప్పుడూ అక్కడే పని చేస్తాంది. ఇంట్లోవాళ్ళు దీపాల గురించి, లూప్ గురించి అడుగుతారు. చెప్తా. నా కంటిలో నిలిచింది వేరే.

ఆ సాయంత్రం డ్యూటీ దిగేముందు గదిలోకి తొంగి చూసినా. ఆ స్పేర్ వైరును మళ్ళీ దూర్చొద్దు తాతా అని మేస్త్రీకి చెప్పి కౌసల్య తూకం దగ్గరికి పోయి ఉంది. ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. మేస్త్రీ ఒక్కడే నిలబడి ఉన్నాడు. వైరు కొసను రెండు చేతుల్లో గుండె దాకా ఎత్తి పట్టుకొని ఉన్నాడు, నేలకు తగలకుండా.