పడవలో నీళ్ళు పోయించిన దేవుడు

ఈ పత్రిక చదువుతున్న సహోదరులారా, సహోదరీలారా, నేను బడి మొహం చూడనిదాన్ని, మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని బైబిలు వాక్యం మీద వేలు పెట్టించి నేర్పిన అక్షరాలే నా చదువంతా, కాబట్టి నా రాతలో తప్పులుంటే వాటిని వదిలేసి, మా వాడరేవు ఇసుకలో నా దేవుడు చేసిన పనిని మాత్రం చూడండి!

నా పేరు మార్తమ్మ. మా ఇంటాయన పోలయ్య గారు పుట్టింది పెరిగింది సముద్రం మీదే, అయినా మా జీవితంలో ఒక చీకటి కాలం వచ్చింది, అప్పుడు ఆయన సముద్రం వైపు చూడడమే మానేశారు. అలల చప్పుడు వినపడకుండా రెండు చెవుల్లో దూది పెట్టుకుని, గోడ వైపు తిరిగి పడుకునేవారు. చేపలు పట్టే మనిషి అలా పడుకుంటే ఆ ఇల్లు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

దానికి కారణం మా పడవ. అది చెక్క పడవ కాదు. వెనకటి తుఫానులో తీరం వెంట పడవలన్నీ ముక్కలైపోతే, ఎవరో దయగలవారు సాయంగా పంపిన అల్యూమినియం పడవల్లో ఒకటి మా మామగారి వంతుకు వచ్చింది. మనం వంటకు వాడే సిల్వరు గిన్నెలున్నాయే, అదే రేకు, కాస్త మందం, అంతే తేడా. ఎండలో అది తళతళా మెరుస్తుంటే రేవులో వాళ్ళంతా దానికి గంజి గిన్నె అని పేరు పెట్టారు. "ఒరేయ్ పోలయ్యా, ఇయ్యాల గంజి గిన్నెలో ఏం ఉడికించుకొచ్చావురా?" అని ఒడ్డు మీద నుంచి అరిచేవారు. ఈయన నవ్వి, "మీ చెక్కలు పుచ్చిపోయాక మీరూ నా గిన్నెలోకే వస్తార్లేరా!" అనేవారు. ఆ పడవ మమ్మల్ని చాలా ఏళ్ళు పోషించింది, అది కూడా దేవుని కృపే.

ఏళ్ళు గడిచేకొద్దీ రేకుల్ని కలిపే రివిట్లు వదులయ్యాయి, నీళ్ళు ఊరడం మొదలైంది, మావాళ్ళు నీళ్ళు తోడుకుంటూనే వేటకు వెళ్ళారు, చివరికి ఒక మధ్యాహ్నం ఒడ్డు కనబడుతుండగానే పడవ నిండిపోయి కెరటంలో ఒరిగిపోయింది. పక్క పడవ వాళ్ళు మా ఆయన్ని జుట్టు పట్టుకుని పైకి లాగారు, పడవకు తాడు కట్టి ఒడ్డుకు చేర్చారు. ప్రాణం దక్కింది గాని ఛాతీలో నెమ్ము చేరింది, చీరాల ఆసుపత్రిలో చాలా రోజులున్నాం, జ్వరం తగ్గింది గాని భయం మాత్రం తగ్గలేదు.

ఇక బతకడానికి ఆయన చిలకలూరిపేటలో దూది మిల్లు పనికి వెళ్ళారు, నేను మా చిన్న పాపను తీసుకుని మిరపకాయల కోతలకు వెళ్ళాను. మిల్లులో గాలంతా దూది దుమ్మే, అసలే నెమ్ము పట్టిన ఛాతీ, ఇంటికి వచ్చిన ప్రతిసారీ దగ్గు ముందు వినపడేది, మనిషి తర్వాత కనపడేవారు. డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి, "ఆ దుమ్ములో ఉంచితే ఈయన మీకు దక్కడమ్మా" అని చెప్పేశారు. నీళ్ళంటే ఈయనకు భయం, దుమ్మేమో ప్రాణం తీస్తుంది, మధ్యలో నేను! అప్పటినుంచి నా ప్రార్థన ఒకటే, ఆయన ఎలాగైనా మళ్ళీ ఆ పడవ ఎక్కాలి.

అలాంటి సమయంలో ఒక ఆదివారం ఆయన ఇంటికి వచ్చి, అన్నం ముందు కూర్చుని, "పడవని పాత సామాన్ల షావుకారుకి ఇచ్చేస్తన్నానే. లారీ తెచ్చుకుని గొడ్డళ్ళతో నరికి ఏసుకుపోతాడంట" అన్నారు.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. పడవ ముక్కలైతే ఆయన మిల్లులోంచి బయటకు వచ్చే దారి మూసుకుపోయినట్టే గదా! "క్రిస్మస్ దాకా ఆగయ్యా" అని బతిమాలాను.

"ఆగితే ఏం చేస్తావే? పండక్కి పరమాన్నం వండుతావా దాంట్లో?" అని నవ్వబోయారు, ఆ నవ్వు దగ్గులోకి దిగిపోయింది. కాసేపటికి మాత్రం, "సరే, పండగ దాకానే" అన్నారు.

ఆయన మిల్లుకు వెళ్ళిపోయాక పడవ పక్కన ఇసుకలో మోకరించి, "ప్రభువా, నాకు పడవల సంగతి ఏమీ తెలియదు, నీకు తెలుసు, నీ శిష్యుల పడవ నువ్వు ఎన్నోసార్లు ఎక్కావు, అందులో నిద్ర కూడా పోయావు, దీన్ని నువ్వే బాగుచెయ్యి, నా ఇంటాయన ఊపిరి నాకు దక్కించు" అని అడిగాను.

అడిగినంత మాత్రాన అంతా సజావుగా జరిగిందనుకుంటున్నారేమో, ఆగండి, ముందు మేము చేసిన తెలివితక్కువ పని వినండి! మా మామగారు జీవితమంతా చెక్క పడవలు కట్టిన మనిషి. ఆయన పడవ చుట్టూ తిరిగి, "ఒడ్డున పడి ఎండిపోయిందే అమ్మాయ్, అందుకే కారతంది. కాలవలో ముంచి నాలుగు రోజులు నానబెడితే ఉబ్బి బిగుసుకుంటది" అని తేల్చారు. చెక్క పడవకు అందరూ చేసేది అదే, రైతులు కూడా బండి చక్రాలు వదులైతే చెరువులో నానేస్తారు. అందుకని సంఘంలో ఆడవాళ్ళమంతా పాటలు పాడుకుంటూ దాన్ని కాలవ దాకా ఈడ్చుకెళ్ళి, రాళ్ళు వేసి ముంచాం, రోజూ వెళ్ళి ఎంత ఉబ్బిందో అని తొంగి చూసి వచ్చాం! మా మనసుల్లో ప్రార్థన ఉంది గాని బుర్రల్లో ఆలోచన లేదు. చివరికి మా సుందరమ్మక్క గట్టు మీద నిలబడి, "ఏందే, రేకు కూడా ఉబ్బుద్దా? పెళ్ళయిన కాడ్నుంచి మా ఇంట్లో సిల్వరు గిన్నె నీళ్ళలోనే ఉంది, ఉబ్బి బాన కాలేదే!" అంది. మామగారితో సహా అందరం కాలవ గట్టున కూలబడి, కడుపులు పట్టుకుని నవ్వాం.

మామగారు అక్కడితో వదల్లేదు. దాన్ని ఒడ్డుకు లాగించి, గుగ్గిలం నూనెలో కాచి, దూది కలిపి, పడవ మధ్యలో నీళ్ళు నిలిచే చోట దట్టంగా కూరారు. చెక్కయితే దాన్ని పీల్చుకునేది. ఇదేమో ఎండకు అప్పడంలా లేచి ఊడొచ్చింది. పండగ దగ్గరకు వస్తోంది, పాపం ముసలాయనకు మొహం చిన్నబోయింది, నాకు కూడా నిరుత్సాహం వచ్చిందని దాచకుండా చెబుతున్నాను.

ఆ సాయంత్రం అంట్లు తోముతుంటే మా వంటింటి గంజి గిన్నె ఎక్కడో కారుతున్నట్టు అనిపించింది. ఏ ఇల్లాలైనా ఏం చేస్తుంది? గిన్నెలో నీళ్ళు పోసి పైకెత్తి అడుగు చూస్తుంది. నేనూ అదే చేశాను, అడుగున చుక్క కనపడింది, కనపడగానే నా ఒళ్ళు ఝల్లుమంది! ఇన్నాళ్ళూ పడవను నీళ్ళలో పెట్టి లోపలికి చూస్తున్నామే, నీళ్ళను పడవలో పోసి బయట ఎందుకు చూడకూడదు? "ప్రభువా, గిన్నె తోముతున్నదాని దగ్గరకు కూడా వచ్చావా!" అని తడి చేతులతోనే దండం పెట్టాను.

మర్నాడు ఈ సంగతి చెబితే మామగారు నెత్తి కొట్టుకుని, "నీళ్ళు రాకుండా చూసుకునేదాన్ని పడవంటారే అమ్మాయ్, నువ్వు బిందెలతో పోస్తానంటావేంది!" అన్నారు. అయినా తాటి దుంగలు వేసి, పడవను ఎత్తు మీద నిలబెట్టించింది ఆయనే. మా ఆడవాళ్ళు బావి నుంచి బిందెలతో మోసుకొచ్చి పోశారు. రేవంతా చేరింది. "ఒరేయ్, రండిరా, సముద్రాన్ని తీసుకొచ్చి పడవలో పోస్తన్నారు!" అని ఒకడు కేక, "గంజి గిన్నెలో ఎసరు పెట్టారు, బియ్యం తేండ్రా!" అని ఇంకొకడు. నేను మాత్రం పడవ కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాను. తడి రేకు మీద సుద్ద గాని బొగ్గు గాని అంటడం లేదు, ఇంట్లో ఉన్నదల్లా మిరపకారమే, దాన్ని ముద్ద చేసుకుని చుక్క రాలిన ప్రతి చోటా బొట్టులా అద్దాను. చుక్కలు కారంతో కలిసి తిన్నగా నా కళ్ళలో పడ్డాయి! కళ్ళు నలుపుకుంటూ, ఏడుస్తూ బయటకు వస్తే, ప్రార్థనా భారంతో ఏడుస్తున్నాననుకుని ఒకామె నా తల నిమిరింది.

సహోదరులారా, ఆ ఎర్రటి గుర్తులు ఎక్కడున్నాయో తెలుసా? మేము గుగ్గిలం కూరిన మధ్య భాగంలో ఒక్కటి కూడా లేదు! అన్నీ ముందు ముక్కు దగ్గర, ఎప్పుడో రివిట్లు ఊడితే మావాళ్ళు కొట్టిన ఇనప బోల్టుల చుట్టూ ఉన్నాయి. నీళ్ళు ముందు నుంచి దూరి, లోపలి పట్టీల వెంట జారి, మధ్యలో చేరేవి. ఇన్నేళ్ళూ మేము నీళ్ళు నిలిచే చోటే పూడ్చుకుంటూ వచ్చాం, వచ్చే చోటు చూడలేదు.

ఇక బాగుచేసే మనిషి కావాలి. పడవలు కట్టేవాళ్ళెవరికీ ఈ రేకు పని రాదు. గిన్నె సలహా ఇచ్చిన దేవుడు గిన్నెల మనిషినే పంపాడు! పాత గిన్నెలకు మాట్లు వేసే సైదులు గారు సైకిలు మీద మా వీధికి వస్తే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినంత పని చేశాను. ఆయన పడవను చూసి, "అమ్మా, ఇంత గిన్నె ఎవరి పెళ్ళికి వండారు?" అని పగలబడి నవ్వారు, తర్వాత కిందికి వంగి బోల్టుల చుట్టూ గోటితో గీకితే తెల్లగా పిండి రాలింది. "సిల్వర్లో ఇనుము కొట్టిందెవరమ్మా? ఉప్పునీళ్ళు తగిలితే ఇనుము పక్కన సిల్వరు ఇట్టాగే తినేసుద్ది" అన్నారు. ఊరగాయ సిల్వరు గిన్నెలో పెడితే బొక్కలు పడతాయని నాకు తెలుసు, ఆ సంగతే పడవకూ వర్తిస్తుందని తోచలేదు, అంతే.

సైదులు గారు ఇనుమంతా ఊడదీశారు, తినేసిన చోట్లు కత్తిరించారు, పట్నం నుంచి తెచ్చిన సిల్వరు రేకు మాట్లు కోశారు, ఒక్కో మాటు కింద తారులో తడిపిన దూది పరిచారు. రివిట్టు బిగించాలంటే ఇద్దరు కావాలి, బయట ఒకరు సుత్తితో కొడుతుంటే లోపల ఒకరు బరువైన ఇనప దిమ్మె ఆనించి పట్టుకోవాలి. లోపల మామగారు పట్టుకున్నారు గాని ముసలి చేతులు, అదిరిపోతున్నాయి, రివిట్టు వంకర పోతోంది.

సరిగ్గా ఆ రోజే మా ఆయన మిల్లు నుంచి వచ్చారు. దూరంగా నిలబడి కాసేపు చూశారు. సుత్తి దెబ్బ పడడం, రివిట్టు వంకర పోవడం, సైదులు గారు విసుక్కోవడం. ఉన్నట్టుండి, "నాన్నా, లే. నీ వల్ల కాదు" అంటూ ఆ పడవలోకి ఎక్కేశారు! ఎక్కాక ఎక్కడ ఎక్కారో తెలిసింది కాబోలు, మొహం తెల్లబోయింది. సైదులు గారికి ఇవేమీ తెలియవు గదా, బయట నుంచి, "ఏరా తమ్ముడూ, నిద్రపోయావా? పట్టుకో గట్టిగా!" అని కేకేశారు. ఈయన దిమ్మె ఆనించారు. ఆ దెబ్బ తిన్నగా పడింది. సాయంత్రం దాకా ఆయన ఆ పడవలోంచి దిగలేదు. అన్నం అక్కడికే పట్టుకెళ్ళి పెట్టాను, నా కన్నీళ్ళు కనపడకుండా.

మళ్ళీ బిందెలతో నీళ్ళు పోశాం. ఈసారి నేను కింద పడుకుంటే ఒక్క చుక్క కూడా రాలలేదు. దేవునికే మహిమ!

పడవ సిద్ధమైంది గాని మనిషి సిద్ధం కావాలి గదా. పండగకు ముందు ఒక ప్రశాంతమైన ఉదయం, తోటివాళ్ళు పడవను నీళ్ళ దాకా నెట్టారు. ఈయన మోకాలి లోతులో ఆగిపోయారు. పడవ అంచు వదల్లేదు, ఎక్కనూ లేదు. గుడికి వస్తే గుమ్మం దగ్గరే కూర్చుని, నోరు తెరిచి ఎప్పుడూ ప్రార్థన చేయని మనిషి, అందరూ వింటుండగా బిగ్గరగా, "ప్రభువా, పడవ గట్టిదే. నేనే గట్టివాణ్ణి కాదు. నువ్వు ముందెక్కు, నీ ఎనకాల నేనెక్కుతా" అన్నారు. కొంచెం ఆగారు, నిజంగా ఎవరికో చోటు ఇస్తున్నట్టు పక్కకు జరిగారు, తర్వాత ఎక్కారు!

ఆయన సముద్రం మీద ఉండగానే, పండగ గడువు దగ్గరపడిందని షావుకారు లారీ వచ్చేసింది. గొడ్డళ్ళతో ఇద్దరు మనుషులు దిగి, "పడవేదమ్మా?" అని అడిగారు. నేను సముద్రం వైపు వేలు చూపించాను. వాళ్ళు కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు, దూరంగా తళుక్కుమంటూ అది కనపడింది. "అదేంటి, అది బతికే ఉందే!" అన్నాడొకడు. "అవునయ్యా, అందులో మనిషి కూడా" అన్నాను. ఇంతదూరం వచ్చారు గదా అని వాళ్ళకు చేపల పులుసుతో అన్నం పెట్టి పంపాను.

మా ఆయన తిరిగి వచ్చాక మొదటి మాట, "కెరటాలు పైనుంచి పోసినవే గాని, అడుగునుంచి చుక్క రాలేదే మార్తమ్మా!" అని. ఇప్పుడు ఆయన మిల్లు మానేశారు. ఉప్పుగాలి తగిలి ఛాతీ తేలికపడింది, దగ్గు చలికాలంలో చుట్టపుచూపుగా వచ్చి పోతోంది, అంతే. డాక్టరు గారే ఆశ్చర్యపోయారు. వేట నుంచి రాగానే పడవను మంచినీళ్ళతో కడగడం నా వంతు, స్తుతిపాట పాడుకుంటూ కడుగుతాను. మామగారు మాత్రం పడవను కాలవలో నానబెట్టిన సంగతి పత్రికలో రాయవద్దన్నారు, క్షమించాలి మామయ్యా, దేవుని మహిమ కోసం రాయక తప్పలేదు!

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ ఇంట్లో కూడా ఎవరైనా గోడ వైపు తిరిగి పడుకుని ఉంటే, వారి గురించి ప్రభువుతో మాట్లాడండి, పెద్ద మాటలు అక్కర్లేదు, అంట్ల దగ్గర మాట్లాడినా వింటాడు, నేను చూశాను. ఎప్పుడైనా వాడరేవు వస్తే ఆదివారం ఆరాధన తర్వాత మా ఇంటికి రండి, మా ఆయన మిమ్మల్ని పడవలో ఒక చుట్టు తిప్పుతారు. భయమేస్తే నేను పక్కనే కూర్చుంటాను. కాకపోతే ఒక మాట ముందే చెప్పాలి, ఒడ్డు దాటగానే నేను కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉంటాను, మీరూ నాతో కలిసి ప్రార్థించండి, ఆయన మాత్రం హాయిగా పాట పాడుతూ తెడ్డు వేస్తారు!