హెచ్చరిక ఆఖరి పేజీలో

యమున రాసిన హెచ్చరికను మేనేజరు ఫణిభూషణ్ ఆఖరి పేజీకి తోసేశాడు. అదీ పదిమంది ముందు, పెద్ద తెర మీద చూపిస్తూ.

"పేజీ మధ్యలో ఈ ఎర్ర డబ్బా ఏంటమ్మా, పెళ్లి పందిట్లో చావు డప్పులా! స్టెప్పులన్నీ ఒకచోట, హెచ్చరికలన్నీ చివర. అదీ మన పద్ధతి."

అందరూ నవ్వారు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఎంకయ్య కూతురు యమునకు ఈ కుర్చీ దొరకడమే ఎక్కువన్నట్టు నవ్వారు.

ల్యాబుల్లో సామాన్లను ఆవిరితో శుద్ధిచేసే యంత్రాలకు మేడ్చల్‌లోని వాళ్ల కంపెనీ సాఫ్ట్‌వేర్ చేస్తుంది. దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు యమున రాస్తుంది. ప్రమాదం సంగతి పని చెప్పకముందే చెప్పాలని తనకు తానే చదివి నేర్చుకుంది. కరెంటు పోయి వస్తే ఆ ప్రోగ్రాముకు లోపల ఎంత ఆవిరి ఉందో తెలియదు, అడగ్గానే తలుపు తెరిచేస్తుంది, మరిగే ఆవిరి ఎదుటి మనిషి మీద పడుతుంది. ఐదో స్టెప్పు, 'తలుపు బటన్ నొక్కండి'. 'ముందు ఆవిరి ఒత్తిడి చూపే గడియారంలో ముల్లు సున్నాకు వచ్చిందో లేదో చూడండి' అన్న మాట మాత్రం నలభై మూడో పేజీలో.

నెల తిరగకుండానే పక్కింటి రవీందర్ బస్‌స్టాపులో కలిశాడు. తుర్కపల్లి ల్యాబులో అదే యంత్రం నడుపుతాడు.

"చెల్లె, మీ పుస్తకమొచ్చింది. మస్తు సాఫ్‌గున్నది. మా సూపర్‌వైజరు స్టెప్పుల పేజీ ఒక్కటే జిరాక్స్ తీసి మిషన్ పక్కన గోడకు అతికిచ్చిండు."

"మిగతా పేజీలు?"

"బీరువల ఉన్నయి. గవెవరు సదువుతరు, నీ పెండ్లి పత్రికనా?"

యమున అతన్ని పక్కకు పిలిచింది. ముల్లు సంగతి చెప్పింది. "ఐదో దానిపైన పెన్నుతోని రాయన్నా."

"పెన్నా! ఆ కాగితం మీద గీత పడ్డదంటే తనిఖీల నా నౌకరి ఊడ్తది. నేనైతే యాద్ పెట్టుకుంట. రెండో షిఫ్టోనికి ఎవరు జెప్తరు?"

ఫణిభూషణ్‌కు చెబితే, వచ్చే ఏడు చూద్దామన్నాడు. పద్ధతులు పెట్టేవాడు ఆవిరి ముందు నిలబడడు కదా. అప్పటినుంచి ఇంట్లో బల్బు రెపరెపలాడితే చాలు, యమున రవీందర్‌కు ఫోన్ చేసేది. ఎదురుగా వచ్చే ప్రతి అంబులెన్సూ తుర్కపల్లి నుంచే వస్తున్నట్టుండేది. ఒక సాయంత్రం గాలివానకు కరెంటు నాలుగుసార్లు పోయింది. రవీందర్ ఫోన్ ఎత్తలేదు. వాళ్ల గుమ్మంలో తడుస్తూ నిలబడింది. అతను వచ్చాక గానీ కదల్లేదు.

మర్నాడు ఎవరినీ అడగకుండా హెచ్చరికను ఐదో స్టెప్పుకు పైన పెట్టింది, డబ్బా గీసి, ఎర్రగా. ల్యాబుకు పంపింది. గోడ మీద కాగితం మారింది. వారానికి యమున ఉద్యోగమూ పోయింది.

ఐడీ కార్డు తీసుకుంటూ ఫణిభూషణ్ అన్నాడు. "ఒక్క డబ్బా కోసం ఇంత అవసరమా, యమునా?"

యమున సంచి భుజానికి తగిలించుకుంది.

"ఇంకా పదకొండు ల్యాబులకు పాత పుస్తకాలే బోయినయి సార్. ఎవరి గోడల మీదున్నయో మీకు ఎరుకేనా?"