మసీరా దీవిలో పూడిపోయిన బావి

2021 చలికాలంలో మా కంపెనీ నన్ను ఒమన్‌లోని మసీరా దీవికి పంపింది. నాది జగిత్యాల పక్క ఊరు, పొక్లెయిన్ ఆపరేటర్‌ని. అంతకుముందు ఏడేళ్లు ఆ దేశంలోనే ఇబ్రి పట్నంలో రోడ్ల పని చేశాను. అక్కడ రోజంతా లారీల మోతే. మసీరాలో పడవలు ఒడ్డుకొచ్చే పొద్దునపూట తప్ప గాలి చప్పుడే వినిపిస్తుంది. జాలర్ల కోసం ఐసు గది కడుతున్నారు. దాని పునాది తవ్వడం నా డ్యూటీ.

మూడో రోజు బకెట్ దించబోతుంటే ఖమీస్ అనే ముసలి జాలరి వచ్చి మిషన్ ముందు నిలబడ్డాడు. ఆయనకు హిందీ బాగానే వచ్చు.

"ఇక్కడ బావి ఉంది. మా నాయనమ్మ ఈ నీళ్లు తాగే బతికింది. నా చిన్నప్పుడు తుఫాను వచ్చి ఇసుక కప్పేసింది."

మా ఇంజనీర్ గుంటూరాయన. డ్రాయింగ్ తెరిచి చూశాడు. "ఇందులో బావీ లేదు, ఏమీ లేదు. ఎల్లుండి కాంక్రీట్ వస్తోందయ్యా. కానివ్వు."

ఇంజన్ ఆపేశాను. "సార్, పొద్దుగూకేదాక టైం ఇయ్యుండ్రి. ట్రయల్ పిట్ తవ్వి చూస్త. ఏం లేకుంటే రేపు డబుల్ డ్యూటీ చేస్త."

ట్రయల్ పిట్ అంటే లోపల ఏముందో చూడటానికి మిషన్ పెట్టకుండా చేత్తో తవ్వే గుంత. ఇంజనీర్ వాచీ చూసుకుని, "సాయంత్రం దాకే," అన్నాడు.

పార పట్టుకుని దిగాను. మొదట తారు పెళ్లలు, తుప్పు పట్టిన డబ్బాలు వచ్చాయి.

"పరాయి సైనికులవి. వాళ్ల విమానాలు ఇక్కడ దిగేవి," అన్నాడు ఖమీస్ గట్టు మీద నుంచి.

దాని కింద ఉత్త ఇసుక. నడుం లోతు దిగాక ఆల్చిప్పలు, చేప ముళ్లు, కుండ పెంకులు. నీలి పూత ఉన్న పెంకును ముసలాయన అరచేతిలో తిప్పి చూశాడు. "ఇది తెరచాప పడవల కాలంది. మా వాళ్లు మీ దేశం దాకా వెళ్లేవాళ్లు."

ఎండ వాలుతుండగా పార రాయికి తగిలింది. ఇసుక తోస్తే పక్కన ఇంకో రాయి, దాని పక్కన మరోటి, గుండ్రంగా తిరుగుతూ పోయాయి. ఇంజనీర్ బూట్లతోనే గుంతలోకి దూకి, రాళ్లు తడిమి చూసి, అక్కడి నుంచే ఆఫీసుకు ఫోన్ చేశాడు. పునాదిని నాలుగు మీటర్లు పక్కకు జరపడానికి ఒప్పించాకే పైకొచ్చాడు.

మర్నాడు బావిలో ఇసుక తోడితే అడుగున నీళ్లు ఊరాయి. ఖమీస్ దోసిట్లో పట్టి నాలుక తడుపుకొని, "హెలూ! తియ్యగా ఉన్నాయి!" అని అరబీలో కేక పెట్టాడు. ఊరి ఆడవాళ్లు బిందెలతో వచ్చేశారు. ముసలాయన నన్ను వాటేసుకున్నాడు. ఇంజనీర్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆ రాత్రి దాకా మిషన్ నడిపి పక్కన పునాది తవ్వేశాను, కాంక్రీట్ కూడా అనుకున్న రోజే పడింది.

ఇప్పుడు ఒమన్‌లోనే సీబ్ పట్నంలో విల్లాల సైట్ మీద ఉన్నాను. ఎక్కడికెళ్లినా మిషన్ ఎక్కేముందు ఆ చుట్టుపక్కల పెద్దమనిషిని వెతికి పట్టుకుంటాను. "చాచా, ఇక్కడ ముందు ఏముండేది?" అని అడిగి, ఆయన చెప్పింది విన్నాకే తాళం తిప్పుతాను.