ట్వంటే కాలవ గట్టున ఎనిమిది గంటల వార్తలు

సాయంత్రం ఏడూ నలభైకి మా ఆయన వ్యాన్ పైకి ఎక్కేవారు. చెప్పులు కింద విడిచి, లుంగీ ఎగగట్టి, వెనక నిచ్చెన మీదుగా వెళ్ళి, వెదురు కర్రకు కట్టిన ఏరియల్‌ను పట్టుకుని నిలబడేవారు. నేను లోపల చిన్న టీవీ ముందు కూర్చునేదాన్ని. ఎనిమిదికి ప్రభుత్వ వార్తలు వచ్చేవి. వాటి చివర ముఖాలు చూపించేవారు.

ముఖాలంటే, పట్టుకోవలసినవాళ్ళ ఫొటోలు. సైన్యం అధికారం తీసుకున్న ఏడాది, దానికి నిరసనగా డాక్టర్లు, టీచర్లు, రైల్వేవాళ్ళు పనికి వెళ్ళడం మానేశారు. మా తమ్ముడు మిడిల్ స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. వాడూ మానేశాడు. వాడితోపాటు మానేసినవాళ్ళలో కొందరి ముఖాలు అప్పటికే టీవీలో వచ్చాయి. వాడిది ఇంకా రాలేదు. వచ్చిన రాత్రే మాకు తెలియాలి. తెలియకపోతే మర్నాడు ఇంటికి తిరిగే దారిలో వంతెన దగ్గర వ్యాన్ ఆపించే సైనికులకు ముందు తెలుస్తుంది.

వాడు మా వ్యాన్‌లోనే ఉండేవాడు. రంగూన్‌లో, లమ్మడా పేటలో మా ఇంటికి వార్డు మనుషులు వచ్చి, ఎవరు పడుకున్నారో లెక్క చూసుకుని పోతున్నారు. అందుకని వాడిని ఇంట్లో ఉంచలేకపోయాం. ఈ వ్యాన్ మేము పగోడా తిరనాళ్ళకు వెళ్ళడానికి కొన్న పాత జపాన్ బండి. వెనక భాగంలో రెండు బల్లలు వేయించి, కింద సరుకు, పైన పడక ఏర్పాటు చేసుకున్నాం. ఒక మూల స్టవ్, దాని పక్కన మంచినీళ్ళ డబ్బా. లోకమంతా పాకిన జబ్బు భయంతో తిరనాళ్ళు ఆగిపోయాక అదే బండిలో పప్పులు, ఉల్లిపాయలు వేసుకుని నది అవతల ట్వంటే వేపు పల్లెలకు అమ్మడానికి వెళ్ళేవాళ్ళం. కర్ఫ్యూ మొదలయ్యేలోగా ఇంటికి చేరడం ఎలాగూ కుదరదు. చీకటి పడేసరికి ఎక్కడుంటే అక్కడే ఆగేవాళ్ళం.

అంతకుముందు మాకు డిష్ ఉండేది. తిరనాళ్ళలో మా ఆయన దాన్ని వ్యాన్ పక్కన నేల మీద పెట్టి, చుట్టూ రాళ్ళు పేర్చి బిగించేవారు. డిష్‌లు ఉండకూడదని ప్రకటన వచ్చింది. మా అత్తగారు దాని కడ్డీ ఊడదీయించి, పాత చీర పరిచి, మేడ మీద అందులో మినప వడియాలు పెట్టింది. "ఇప్పుడిది పళ్ళెం. ఎవడేటంటాడో రమ్మనండి," అంది. ఇంటర్నెట్ అంతకుముందే తీసేశారు. మాకు మిగిలింది ఏరియలే.

ఏరియల్‌తో బొమ్మ రావాలంటే బండి ఆపే చోటు దగ్గరే చూసుకోవాలి. రేకుల షెడ్ల పక్కన ఆపితే రాదు. కొబ్బరి చెట్ల కింద గాలి వేసినప్పుడల్లా పోతుంది. మా ఆయనకు మిట్ట నేల కావాలి. రంగూన్ వేపు అడ్డం లేకుండా ఉండాలి. చీకటి పడ్డాక ఆకాశంలో ఊరి వెలుతురు ఎటు కనిపిస్తే అటు తిప్పేవారు. బొమ్మ మసకబారడం, చుక్కలు రావడం పాత టీవీల సంగతి. మా టీవీకి తగిలించిన డబ్బాతో అయితే ఉంటే మొత్తం ఉంటుంది, లేకపోతే గళ్ళు గళ్ళుగా విరిగి ఆగిపోతుంది. ఒకడి కళ్ళ కింద ఇంకొకడి గడ్డం నిలిచిపోతుంది. అలా నిలిచిన ముఖాల్లో ప్రతిదీ నాకు తమ్ముడిలాగే కనబడేది.

"వచ్చినాదేటి?" అని పైనుంచి అరిచేవారు.

"నేదు. ఇంకాస్త తిప్పండి. ఆఁ... పోయింది! వెనక్కి!"

"మీ అక్క మొగం కూడా ఇన్నిసార్లు చూడనేదురా, పెళ్ళిచూపుల్లో," అని తమ్ముడితో అనేవారు. "నీ మొగం కోసం రోజూ ఎక్కుతన్నాను."

"వస్తే బాగుంటాది బావా, దిగిపోవచ్చు," అనేవాడు వాడు ఉల్లిపాయలు ఏరుకుంటూ. "అక్కా, స్కూల్లో వాళ్ళకాడ ఉన్నది పాత ఫొటో. అందులో నాకు మీసం నేదు."

వాడు నవ్వించడానికే అనేవాడు. ముఖాలు మొదలయ్యేసరికి మాత్రం వాడి చేతులు ఆగిపోయేవి. భయం గురించి నేను చదివిన పుస్తకాల్లో ఎక్కువగా గుండె చప్పుడు వినిపించడమే ఉంటుంది. నాకు ఆ కాసేపు అసలు ఏమీ వినిపించేది కాదు. చదివే ఆవిడ పెదాలు కదలడం మాత్రం కనిపించేది.

ఆ సాయంత్రం మేము కాలవ గట్టున, మూసేసిన రైసు మిల్లు ముందు ఆగాం. కుండలు కాల్చే బట్టీల పొగ వాసన అక్కడిదాకా వస్తోంది. మా ఆయన పైన, నేను లోపల, ఎప్పటిలాగే కేకలు వేసుకుంటున్నాం. ఎప్పుడూ పల్లెవాళ్ళు విని నవ్వుకుని పోయేవాళ్ళు. ఆ రోజు టార్చి వెలుతురు వచ్చింది. దాని వెనక ఇద్దరు సైనికులు. ఒకడు కుర్రవాడు, తుపాకి వాడి చేతిలో ఉంది. రెండోవాడు నడివయసు సార్జెంటు.

"ఎవరికిరా సైగలు చేస్తున్నావు?" అని సార్జెంటు బర్మీస్‌లో అడిగాడు. "ఏ భాష అది?"

"తెలుగు, ఊలే. మా ఇంటి భాష. టీవీ కోసం," అన్నారు మా ఆయన పైనుంచే, బర్మావాళ్ళ మాటలో బాబాయ్ అని పిలుస్తూ, రెండు చేతులూ ఏరియల్ మీదే ఉంచి.

సార్జెంటు గుమ్మంలోంచి టార్చి వేశాడు. టీవీ మీద, నా మీద, ఉల్లిపాయల మీద, తమ్ముడి మీద. తమ్ముడు తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. తల ఎత్తలేదు.

"వాడెవడు?"

"బస్తాలు మోస్తాడు," అన్నాను.

"ప్రభుత్వ వార్తలేనా?" అని తెర వేపు చూశాడు. అవే. అతనికి నచ్చినట్టుంది. పప్పు బస్తా మీద కూర్చున్నాడు. మా వీపులకు అతని ఊపిరి తగిలేంత దగ్గరగా ఉన్నాడు. "మా క్యాంపులో కరెంటు లేదు. నేనూ చూడాలి. ఎవరెవర్ని పట్టుకోవాలో తెలియకపోతే ఎలా? ఏయ్ కలా! సరిగా తిప్పు. ఏమీ కనబడటం లేదు." కలా అంటే మాలాంటి ఇండియావాళ్ళను వాళ్ళు చులకనగా పిలిచే పేరు.

నేను టీ ఇచ్చాను. కప్పు అంచు దాకా పోసినట్టున్నాను, అతని వేలు మీద ఒలికింది. అతను వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

మా ఆయన తిప్పారు. బొమ్మ వచ్చింది. ఆ వారంలో ఎప్పుడూ రానంత శుభ్రంగా వచ్చింది. వార్తలు చదివే ఆవిడ చేతి గాజు కూడా కనబడుతోంది. ముఖాలు మొదలయ్యాయి. మొదటిది ఒక నర్సుది.

"పోయింది!" అని నేను అరిచాను, బొమ్మ బాగానే ఉన్నా. "తిప్పండి!"

ఆయన వెంటనే తిప్పలేదు. టీవీ వెలుతురు గుమ్మంలోంచి కింద మట్టి మీద పడుతుంది. బొమ్మ బాగుంటే ఆ వెలుతురు కదులుతూ ఉంటుంది, విరిగితే ఒక్కచోట ఆగిపోతుంది. మా ఆయనకు అది పైనుంచి కనిపిస్తుంది. నేను చెప్పకముందే సగం ఆయనకు తెలిసేది.

"పోనాదా?" అన్నారు.

"మొత్తం పోయింది. తిప్పండి!"

ఆయన తిప్పారు. రెండో ముఖం వస్తూ వస్తూ విరిగింది. ఒక చెవి, ఒక కనుబొమ్మ, తెల్లచొక్కా కాలరు కనిపించాయి. మిగిలినవి గళ్ళు.

"ఉంది! అలాగే ఉంచండి. కదపకండి!"

ఆయన కదపలేదు. తెర అలాగే ఆగిపోయింది. చెవి నాకు తెలిసిన చెవిలాగే ఉంది. తమ్ముడు కూడా తల ఎత్తి చూశాడు. వాడి కళ్ళు తెర మీద, సార్జెంటు కళ్ళు తెర మీద. ఇద్దరూ ఒకే ముఖాన్ని చూస్తున్నారు.

"ఏం చెబుతున్నావు వాడికి?" అన్నాడు సార్జెంటు.

"ఇంతకంటే రాదు, ఇదే ఉంచమంటున్నాను."

"ఇది రావడమా!" అని కప్పు బల్ల మీద పెట్టి లేచాడు. "పొద్దున వంతెన దగ్గరికి అచ్చు వేసిన కాగితం వస్తుందిలే. అందులో చూసుకుంటాం." కుర్రవాడు తుపాకి భుజానికి తగిలించుకుని వెంట వెళ్ళాడు.

మా ఆయన దిగి వచ్చారు. ఆయన అరచేతుల్లో ఏరియల్ గుర్తులు పడ్డాయి.

"నాదేనా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"తెలీదురా."

"నాకూ తెలీదు. కాలరు నాదిలాగే ఉంది. ఆ ఏడాది స్కూలోళ్ళందరిదీ అదే కాలరు."

వంతెన మీదికి వాడిని తీసుకుపోలేం. వెనక్కి పోవడానికి వేరే రోడ్డు లేదు. తెల్లవారాక కుండలు వేసుకుని లోపలి పల్లెలకు పోయే పడవ ఒకటి బయల్దేరుతుంటే, ఆ కుమ్మరితో మా ఆయన మాట్లాడారు. తమ్ముడు ఎక్కాడు. నేను ఒక దుప్పటి, కొంత పెసరపప్పు ఇచ్చాను.

"బయపడకండి బావా. గొడవ తగ్గాక వచ్చేత్తాను. ఏరియల్ అలాగే ఉంచండి," అన్నాడు.

వంతెన దగ్గర సైనికుడి చేతిలో కాగితం ఉంది. అతను మా ఆయన ముఖాన్నీ కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. నాకు కాగితం వెనక వేపే కనబడింది. అక్కడ ఏమీ లేదు. పోనిచ్చాడు.

వానలు పడ్డాక జబ్బు మళ్ళీ వచ్చింది. రంగూన్‌లో ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం రోడ్ల మీద నిలబడిన రోజులవి. తమ్ముడు చేరిన పల్లెలో అలా నిలబడటానికి కూడా చోటు లేదు. తమ్ముడికి ఊపిరి అందలేదని, వాళ్ళే దహనం చేశారని ఆ కుమ్మరి రంగూన్ సేక్కాన్ రేవులో ఎవరికో చెప్పి పంపించాడు. మాకు తెలిసేసరికి బూడిద కూడా కాలవలో కలిపేశారు. ఇంట్లో ఉంటే బతికేవాడో లేదో నేను చెప్పలేను. ఆ చెవి వాడిదో కాదో కూడా చెప్పలేను. మా ఆయన ఒకసారి మాత్రం, అన్నం తింటూ, "నువ్వు పోయిందనకపోయినా నేను తిప్పీసేవోణ్ణే," అన్నారు.

వ్యాన్ ఇంకా మాదే. పప్పులు, ఉల్లిపాయలు వేసుకుని పొద్దున వెళ్ళి, చీకటి పడకముందే లమ్మడా వచ్చేస్తాం. బండిలో పడుకోవడం లేదు. వెదురు కర్ర మా అత్తగారు బట్టలారేసుకోవడానికి తీసుకుంది. ఎనిమిది గంటలకు మా ఇంట్లో టీవీ పెట్టడం లేదు.