పసుపు గీతలు

మెడికల్ కాలేజీలో కొత్తగా చేరిన ఈ పిల్లని హాస్టల్లో అందరూ పసుపుపెన్ను అంటారు. రీడింగ్ రూంలో కిటికీ పక్కన ఒదిగి కూర్చుని, పాఠం తెరవగానే మొదటి వాక్యం నుంచే పసుపు గీతలు గీస్తూ పోతుంది. ఏ వాక్యం వదిలేస్తే పరీక్షలో అదే వస్తుందేమోనని గుండెల్లో గుబులు. బళ్ళో అన్నీ బట్టీపట్టి నెట్టుకొచ్చింది, ఇక్కడేమో పుస్తకాలు ఇటుకల్లా ఉన్నాయి. అరచేతుల చెమటకి పేజీల అంచులు ఉబ్బిపోయాయి.

ఆ మధ్యాహ్నం తన గదిలోనే ఉండే సీనియర్ అక్క ఎదురుగా కూర్చుని పుస్తకం టప్పున మూసేసింది. "గుండె కవాటాలేగా? ఏం చదివావో చెప్పు."

పిల్ల మూసిన పుస్తకం వైపే చూసింది. "కుడి పేజీలో, కింద, బొమ్మ పక్కనుందక్కా."

"ఎక్కడుందో కాదే తల్లీ, ఏముందో చెప్పు."

పిల్ల చెయ్యి మెల్లగా పుస్తకం వైపు పాకింది. అక్క పుస్తకం మీద మోచెయ్యి ఆనించింది. పిల్లకి చెవుల్లో తన గుండె చప్పుడే వినిపిస్తోంది. "రక్తం ముందుకెళ్ళాక తలుపులా మూసుకుంటుంది... వెనక్కి రానివ్వదు."

"ఆ తలుపు సరిగ్గా మూసుకోకపోతే?"

ఏడుపొక్కటే తక్కువ. "వెనక్కి కారుతుంది... అదే రక్తాన్ని మళ్ళీ మళ్ళీ తోసి తోసి గుండె అలిసిపోతుంది."

అక్క "ఊఁ" అని మోచెయ్యి తీసింది. పిల్ల గబగబా పుస్తకం తెరిచి, గుండె అలిసిపోతుందని తనన్న ఆ మాట కోసం పసుపు గీతల పేజీలన్నీ వెతికింది.

"ఎక్కడా లేదక్కా," అంది, ఎవరి సొమ్మో ఎత్తుకొచ్చి దొరికిపోయినదానిలా.