వంక పెట్టని బేరం

కరోనా తగ్గి రైళ్లన్నీ మళ్లీ మామూలుగా తిరగడం మొదలైన ఏడాది ఏప్రిల్‌లో నన్ను ఖరగ్‌పూర్ స్టోర్స్ డిపోలో స్క్రాప్ యార్డుకు వేశారు. హోదా డిపో మెటీరియల్ సూపరింటెండెంట్. రిటైర్మెంటు దగ్గరికొచ్చిన ఆడమనిషిని తీసుకుపోయి తుక్కు యార్డులో పడేశారేమిటని సానుభూతి చూపించినవాళ్లు చాలామంది. వాళ్లకు నేను చెప్పింది ఒకటే. ఇన్నేళ్లూ కొత్త సరుకు చూశాను, పాతది చూడలేనా? నా నోరు మంచిది కాదని డిపోలో ముందునుంచీ పేరు. స్క్రాప్ యార్డులో అది బాగా పనికొచ్చింది.

బయటివారికి తెలియని పని కనుక కొంచెం చెబుతాను. వర్క్‌షాపులోనూ షెడ్లలోనూ పనికిరాదని తేల్చిన ఇనుమంతా మా యార్డుకు వస్తుంది. దాన్ని రకాలవారీగా కుప్పలు పోయించి ఒక్కో కుప్పకు నంబరు వేస్తాం. ఆ కుప్పనే లాటు అంటారు. వేలానికి ముందు కొనేవాళ్లు వచ్చి చూసుకోవచ్చు. వేలం ఇప్పుడు కంప్యూటర్లోనే జరిగిపోతుంది, అక్కడ మా చేతిలో ఏమీ ఉండదు. మా చేతిలో ఉండేది డెలివరీ. కొన్నవాడు లారీలు తెచ్చుకుని, మా కళ్ల ముందు ఎత్తించి, వేబ్రిడ్జి మీద తూకం వేయించి, గేట్‌పాస్ తీసుకుని వెళ్లాలి. లాటులో మంచి ముక్కలు ఏరుకుని చెత్త వదిలిపోకూడదన్నది షరతు. ఎత్తితే మొత్తం ఎత్తాలి. మందపాటి ప్లేట్లు లారీకెక్కించి, ముట్టుకుంటే పొడైపోయే తుప్పు రేకులు యార్డులోనే వదిలేసి పోవాలని ప్రతివాడికీ ఉంటుంది. చూసీ చూడనట్టుండే సూపర్‌వైజరు దొరికితే వాడి పంట పండినట్టే.

ఇక ఇంటి సంగతి. నా భర్త పోయి చాలా ఏళ్లయింది. నిమ్‌పురాలో నా పేరున ఉన్న రైల్వే క్వార్టరులో నేనూ మా తమ్ముడు పైడిరాజూ ఉండేవాళ్లం. వాడు నిమ్‌పురా యార్డులోనే వ్యాగన్ ఫిట్టరు. పెళ్లి చేసుకోలేదు, సిగరెట్టు ముట్టలేదు. వాడికున్న వ్యసనమల్లా పత్రికలు. వారపత్రికలు, పిల్లల మాసపత్రికలు, బొమ్మల కథల పుస్తకాలు, తెలుగువే కాదు, బెంగాలీవి, హిందీవి కూడా. ఆంధ్ర నుంచి వచ్చే బళ్లలో ప్రయాణికులు సీట్ల మీద వదిలేసి పోయినవి పెట్టెలు ఊడ్చేవాళ్లు తీసి "రాజూ దాదా" కోసం పక్కన పెట్టేవారు. వాళ్లకు వీడు టీ, సమోసా పెట్టించేవాడు. అలా దొరకనివి ఎక్కడెక్కడినుంచో కొని తెచ్చేవాడు. సగం పూర్తిచేసిన గళ్లనుడికట్లు, చంటిపిల్లల పెన్సిలు గీతలు, చట్నీ మరకలు, అన్నిటితో సహా మా ఇంటికే చేరేవి.

పేర్చడంలో వాడిదొక పద్ధతి. పత్రిక పేరును బట్టి పెట్టడు, సీరియల్‌ను బట్టి పెడతాడు. ఒక సీరియల్ మొదటి వారం నుంచి ఆఖరి వారం వరకూ ఉన్న సంచికలన్నీ ఒక కట్ట. ఒక సంచికలో నాలుగు సీరియళ్లుంటే అది ఏ కట్టలోకి పోవాలో తేలక, మరో ప్రతి కోసం ఏళ్ల తరబడి తిరిగేవాడు. రెండు గదుల్లో ఒక గది పూర్తిగా వాడి కట్టలదే. పగలంతా తుక్కు మధ్య నిలబడి ఇంటికొస్తే ఇక్కడా తుక్కేనా అని నేను అరిచేదాన్ని. "నీది తూకం సరుకు అప్పా, నాది సదువుకునే సరుకు," అని నవ్వేవాడు. మా వైపు అక్కను అప్ప అంటాం.

నేను యార్డుకు వచ్చిన మరుసటి వర్షాకాలంలో వాడికి కిడ్నీలు పాడయ్యాయి. రైల్వే ఆసుపత్రిలో మంచం మీద ఉండి కూడా వాడి బెంగ కట్టల మీదే. "ఎవుడికీ ఊరికినే ఇయ్యకప్పా. ఊరికినే ఇత్తే ఠోంగాలైపోతాయి. అమ్ము. డబ్బులెట్టి కొన్నోడే దాసుకుంతాడు. అంతా ఒక్కడికే అమ్ము, ముక్కలు సెయ్యకు," అన్నాడు. ఠోంగా అంటే ఇక్కడ మురీ, అదే మన మరమరాలు, కట్టిచ్చే కాగితం పొట్లం. ఒకప్పుడు ఒక క్లబ్బు వాళ్లు అడిగితే వాడు రెండు ట్రంకుల పత్రికలు ఉచితంగా ఇచ్చాడు. కొన్నాళ్లకే ఆ కాగితాల్లో బజారులో మురీ అమ్మడం వాడే చూశాడు. ఆ దెబ్బ వాడు మరిచిపోలేదు. దసరా లోపలే పోయాడు.

నేను రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఝపటాపూర్‌లో అద్దెకు చూసుకున్న ఇంట్లో నాకూ, నా వంటసామానుకే చోటు సరిగ్గా ఉంది. కట్టలు అమ్మక తప్పదు. ఒక్కడికే అమ్మాలి, దాచుకునేవాడికి అమ్మాలి. వాడు నన్ను జీవితంలో అడిగింది ఆ ఒక్కటే.

మొదట త్రాసు పట్టుకుని కాగితాలవాడు వచ్చాడు. వాణ్ని మెట్లు ఎక్కనివ్వలేదు. తరవాత కలకత్తా నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు, పాత కామిక్స్ సేకరించే ఆయన. చేతికి తొడుగులు వేసుకుని ఎంతో మర్యాదగా చూశాడు. బొమ్మల పుస్తకాలు పక్కకు తీసి, వీటికి మంచి ధర ఇస్తాను, ఆడవాళ్ల సీరియళ్లు నాకొద్దు అన్నాడు. ఏరుకోవడం కుదరదు అన్నాను. "దీదీ, ఇది మీ యార్డు కాదు," అని నవ్వాడు. యార్డులో తుప్పు రేకుకు ఉన్న గౌరవం మా తమ్ముడి కట్టలకు ఉండక్కర్లేదా? ఆయనకు టీ తాగించి పంపేశాను.

అప్పుడొచ్చాడు మదన్‌బాబు. మా డిపోలో తరచుగా లాట్లు కొనే కాంట్రాక్టరు. ఒక ఆదివారం మిఠాయి పెట్టెతో క్వార్టరుకు వచ్చి, తమ్ముడు పోయినందుకు బాధపడ్డాడు. తరవాత గదిలోకి తొంగిచూసి, మొత్తం నేనే తీసుకుంటాను, ఒక్క కాగితం వదలను అన్నాడు. ఆయన చెప్పిన ధర విని నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. కలకత్తా ఆయన కామిక్స్‌కు ఇస్తానన్న దానికి అది ఎన్నో రెట్లు. అబద్ధమెందుకు, ఒక్క క్షణం నా ప్రాణం లేచొచ్చింది. పైడిరాజు అడిగింది అడిగినట్టే జరగబోతోంది అనుకున్నాను.

కానీ నేను ఆ మనిషిని యార్డులో చూసినదాన్ని. ఒక్కో ముక్కను ఆకురాయితో గీకి చూస్తాడు. తుప్పు మందం గోటితో కొలుస్తాడు. మా వేబ్రిడ్జినే నమ్మడు, ఖాళీ లారీని రెండోసారి ఎక్కించి చూస్తాడు. అలాంటివాడు గది గుమ్మంలో నిలబడి, ఒక్క కట్ట ముడి విప్పకుండా, ఒక్క పేజీ తిప్పకుండా బేరం ముగించేశాడు. వాటిలో ఏ భాష ఉందో కూడా అడగలేదు.

ఒక కట్ట విప్పి చూసుకో మదన్‌బాబూ అన్నాను. ఎందుకు దీదీ, మీ మీద భరోసా ఉంది అన్నాడు. యార్డులో లేని భరోసా ఇంట్లో ఎక్కడినుంచి ఊడిపడిందని అడిగాను. నవ్వి, "అదంతా వేరు దీదీ. గురువారం నా లాటు డెలివరీ ఉంది కదా, అదే రోజు ఇక్కడికీ లారీ పంపిస్తాను," అన్నాడు.

అంతే, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. డిపోతో వ్యాపారం చేసేవాళ్లకు సొంత వస్తువులు అమ్మడం, వాళ్ల దగ్గర కొనడం ముందస్తు అనుమతి లేకుండా చెయ్యకూడదని మా సర్వీసు నియమాల్లో ఉంది. ఆ నియమం పక్కన పెట్టండి. చచ్చిపోయిన నా తమ్ముడి పుస్తకాలు అడ్డం పెట్టుకుని నా కళ్లకు గంతలు కట్టడానికి వచ్చాడు ఈ మనిషి! మిఠాయి పెట్టె ఆయన చేతిలోనే పెట్టి గుమ్మం చూపించాను. నిదానంగానే చెప్పానని నేననుకున్నాను. మూడో క్వార్టరు దాకా వినబడిందట.

మర్నాడు ఆఫీసులో హెడ్ క్లర్కు బిశ్వాస్‌దాతో ఈ సంగతి చెబితే తల పట్టుకున్నాడు. మంచివాడే, నా మేలు కోరేవాడే. నాలుగు నెలల్లో ఇంటికి పోతున్నావు దీదీ, కాగితాలు అమ్ముకుంటే ఎవరు చూడొచ్చారు, ఇంత ధర ఇంకెవడిస్తాడు, ఆఖరికి తూకానికే వేస్తావు అన్నాడు. వేస్తే వేస్తాను, మదన్‌బాబుకు మాత్రం వెయ్యను అన్నాను.

గురువారం నా మొండితనానికి పరీక్ష అయింది. మదన్‌బాబు లాటు మిశ్రమ లాటు, ప్లేట్లూ రేకులూ కలిసినది. ఉదయం నుంచీ అతని మనుషులు ప్లేట్లే ఎత్తుతున్నారు. రేకులు కూడా ఎత్తమని రెండుసార్లు చెప్పాను. ఆఖర్న అంటూ దాటేశారు. లారీ గేటు దగ్గరికి వచ్చేసరికి గేట్‌పాస్ మీద సంతకం చెయ్యనన్నాను. లారీ వెనక్కి తిప్పి రేకులు కూడా కలిపి ఎత్తాలన్నాను. మదన్‌బాబు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, ఇంట్లో మాట్లాడుకున్నాం కదా దీదీ అన్నాడు.

అకౌంట్స్ వాళ్ల మనిషి ఉన్నాడు, ఆర్‌పీఎఫ్ జవాను ఉన్నాడు, కూలీలున్నారు. డెలివరీ దగ్గర వీళ్లంతా సాక్షులుగా ఉండాలని పద్ధతి. "ఇంట్లో మాట్లాడుకున్నదేటి? నాకు గుర్తులేదు. అందరికీ ఇనబడేలా సెప్పు!" అని నా తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి అరిచాను. ఆయన మొహం మాడిపోయింది. లారీ వెనక్కి తిరిగింది. ఆ లాటు ఆఖరి రేకు వరకూ పోయేదాకా మూడు రోజులు నేను గేటు దగ్గరనుంచి కదల్లేదు. చివరి రోజు వెళ్లిపోతూ, మీ కాగితాలు ఎవడు కొంటాడో నేనూ చూస్తాను అన్నాడు. చూడవయ్యా, ఎవడొద్దన్నాడు?

పౌరుషంగా అనేశాను కానీ లోపల బెంగగానే ఉండేది. నెలలు గడిచాయి, ఎవరూ రాలేదు. నేను రిటైరయ్యాను. దండలు వేశారు, గడియారం ఇచ్చారు. క్వార్టరు గడువు దగ్గరపడుతుంటే కట్టల మధ్య కూర్చుని, నీ పరువు నిలిపానురా, నీ మాటే నిలపలేకపోతున్నాను అని వాడితో పైకే అనేసేదాన్ని.

అప్పుడు కట్టలు కొంటానని సుభాష్‌పల్లి నుంచి మార్తమ్మ వచ్చింది. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. పైడిరాజుకు ఆఖరి రోజుల్లో ఇంజెక్షన్లు ఇచ్చినది కూడా ఆమే. రావడం రావడమే చీపురడిగింది. పీట వేసుకుని కూర్చుని కట్ట తరవాత కట్ట విప్పి దులపడం మొదలుపెట్టింది. ఇక వంకలు!

"ఓలమ్మా, దీన్ని ఎలకలు కొరికేసినాయి. దీనికి అట్ట లేదు. ఈ సీరియలుకి ఆఖరి వారమే లేదు, మరి ఆ పిల్లకి పెళ్లయిందో లేదో నానెవుర్ని అడగాలి? దీని మీద ఎవుడో మీసాలు గీసినాడు. దీనికింత రేటేటి సత్యమ్మా, సిగ్గునేదా నీకు?"

నేనూ ఊరుకోలేదు. ఆ మీసాలు చూసుకుని కొనుక్కో, ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటే, ఇదే మా డిపో షరతు అన్నాను. ఆమె మూడు రోజులు వచ్చింది. మధ్యలో ఒక కట్ట దగ్గర చదువుతూ ఉండిపోయి, టీ చల్లారిపోతే నన్ను తిట్టింది. ఎందుకు కొంటున్నావంటే చెప్పింది. వాళ్ల వీధిలో తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, అక్షరం ముక్క రాదు. ఆదివారం చర్చి అయ్యాక ఆమె తన ముందుగదిలో వాళ్లకు అక్షరాలు నేర్పుతోంది. బొమ్మల కథలుంటే పిల్లలు కదలకుండా కూర్చుంటారు. సీరియళ్లు వాళ్ల అమ్మమ్మలకు వారానికింతని అద్దెకిస్తుందట.

అద్దె అనగానే, కట్టలు విడదీయనని మాటివ్వమన్నాను. మార్తమ్మ కళ్లజోడు తీసి నా మొహంలోకి చూసింది.

"అమ్మేసినాక నీ పెత్తనమేటి? ఎత్తినప్పుడు మొత్తం ఎత్తుతాను, ఒక్క కాయితం నీ ఇంట్లో ఒగ్గను. తరవాత నా ఇష్టం. మీ డిపోలో ఇనుము కొన్నోణ్ని దాంతో ఏటి సేత్తావని అడుగుతావేటి?"

అడగం. ఎప్పుడూ అడగలేదు. ఎలకల పేరు చెప్పి ఆమె ఇంకొంచెం తగ్గించింది. మదన్‌బాబు చెప్పిన దాని పక్కన పెడితే అది చెప్పుకోదగ్గ ధర కాదు. చేతిలో చెయ్యి వేశాను.

బ్యాటరీతో నడిచే టోటో రిక్షాలు రోజంతా తిరిగాయి. నేను క్వార్టరు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆఖరి టోటో మలుపు తిరిగాక ఏడుపు ఆగలేదు, వీధంతా చూసింది. చూడనీ.

నా పనిలో అడుగుపెట్టే పిల్లలు సలహా అడిగితే ఇప్పుడు ఒకటే చెబుతాను. సరుకు నిజంగా కావలసినవాడు వంకలు పెడతాడు, గీకి చూస్తాడు, మిమ్మల్ని విసిగిస్తాడు. వాణ్ని కసురుకోకండి. ఒక్క వంకా పెట్టకుండా ఎక్కువ ధర ఇచ్చేవాడు సరుకు కోసం వచ్చినవాడు కాడు. వాడు కొనాలని వచ్చింది మిమ్మల్ని. మదన్‌బాబు కొనాలని వచ్చింది నన్ను. నేను ఏ లాటులోనూ లేను.